తెరపై చెరగని నీడ

* స్మార్ట్‌ఫోన్లలో ‘బర్న్‌ఇన్‌’ సమస్య
* తుడిస్తే పోదు.. యాప్‌తో మాయం కాదు
* ముందుజాగ్రత్తే అసలు మందు

రాత్రి దీపాలార్పి, ఫోన్‌లో ఏదైనా తెల్లని పేజీ తెరచి చూడండి. అడుగుభాగాన అక్షరాల మీటల గళ్లు లీలగా కనిపిస్తున్నాయా? పైఅంచున గడియారం, బ్యాటరీ గుర్తులు నీడల్లా నిలిచిపోయాయా? సినిమా చూస్తున్నా, పెళ్లి ఫొటోలు చూస్తున్నా అవే గీతలు అదే చోట వెంటాడుతున్నాయా? అయితే ఆ ఫోన్ తెరకు ‘బర్న్‌ఇన్‌’ సోకినట్లే. తెరపై మరక పడిందేమోనని గుడ్డతో తుడుస్తారు. వైరస్ చేరిందేమోనని ఫోన్‌లోని సమాచారమంతా చెరిపి మళ్లీ మొదలుపెడతారు. తెలిసినవారు చెప్పారని ఏవేవో యాప్‌లు దించుకుంటారు. ఏం చేసినా నీడ కదలదు. చివరకు మరమ్మతు దుకాణానికి వెళితే ‘తెర మార్చాల్సిందే’ అన్న మాట వినిపిస్తుంది. ఫోన్‌లోని భాగాలన్నింటిలో తెర ఖరీదైనది కావడంతో ఆ మాటతోనే గుండె గుభేలుమంటుంది.

వేలకు వేలు పోసి కొన్న ఫోన్ విషయంలో ఈ పరిస్థితి రాకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు. అయితే సమస్య స్వభావాన్ని ముందుగా అర్థం చేసుకోవాలి. ఏ నీడ పోతుంది, ఏది పోదు, దేనికి డబ్బు ఖర్చు చేయాలి, దేనికి చేయకూడదు అన్నది అప్పుడే తేలుతుంది.

మచ్చ కాదు.. అరుగుదల

బర్న్‌ఇన్‌ అంటే ‘కాలిన మచ్చ’ అన్న అర్థం స్ఫురిస్తుంది. నిజానికి ఇక్కడ కాలేదేమీ లేదు. తెరలోని కొన్ని చుక్కలు మిగిలినవాటికంటే ఎక్కువగా అరిగిపోవడమే ఈ సమస్య. పాత ఆలయాల రాతిమెట్లను గమనించండి. భక్తుల పాదాలు నిత్యం పడే నడిమిభాగం గుంటపడి ఉంటుంది. అంచులు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి. ఫోన్ తెర కూడా అంతే. మెట్టుపై పడిన మసిని తుడవవచ్చు. గుంటను తుడవలేం.

ప్రస్తుతం ఫోన్లలో ప్రధానంగా రెండు రకాల తెరలు ఉన్నాయి. మొదటిది ఎల్‌సీడీ. ఇందులో తెర వెనుక ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. ముందున్న ద్రవస్ఫటికాలు కిటికీ తలుపుల మాదిరిగా తెరచుకుంటూ, మూసుకుంటూ ఆ వెలుగును అవసరమైనంత మేరకే బయటకు పంపుతాయి. రెండోది ఓఎల్‌ఈడీ. దీన్నే కొన్ని కంపెనీలు అమోలెడ్ అన్న పేరుతో అమ్ముతున్నాయి. ఇందులో వెనుక దీపం ఉండదు. తెరపై ఉండే లక్షలాది చుక్కల్లో ప్రతిదీ తన వెలుగును తానే పుట్టించుకుంటుంది. విద్యుత్తు ప్రవహించినప్పుడు వెలిగే కర్బన రసాయనాల పలుచని పొరలే ఇందుకు ఆధారం. నలుపు రంగు చూపాల్సిన చోట చుక్క పూర్తిగా ఆరిపోతుంది. అందుకే ఈ తెరల్లో నలుపు కాటుకలా కనిపిస్తుంది. రంగులు నిండుగా ఉంటాయి.

ఈ సుగుణంలోనే లోపమూ దాగి ఉంది. వెలిగే కొద్దీ కర్బన రసాయనం క్షీణిస్తుంది. అదే విద్యుత్తుకు మునుపటికంటే తక్కువ వెలుగునిస్తుంది. తెర మొత్తం సమానంగా క్షీణిస్తే కంటికి తేడా తెలియదు. కానీ ఫోన్ వాడకంలో అలా జరగదు. కొన్ని గుర్తులు రోజంతా ఒకే చోట వెలుగుతూ ఉంటాయి. పక్కనున్న చుక్కలు మారుతూ ఉంటాయి. దీంతో ఒకచోట అరుగుదల ఎక్కువ, పక్కన తక్కువ అవుతుంది. ఆ తేడాయే నీడగా కనిపిస్తుంది.

ఒక విచిత్రమూ గమనించవచ్చు. ఎప్పుడూ తెల్లగా వెలిగిన చోట నీడ ముదురుగా పడుతుంది. ఎప్పుడూ నల్లగా ఉన్న చోట చుక్కలు వెలగనే లేదు కనుక కొత్తవిగానే మిగిలిపోతాయి. అందుకే నల్లని పట్టీ ఉండే చోట, తెర మొత్తం తెలుపు నింపినప్పుడు ఆ పట్టీ మిగిలిన భాగంకంటే కాంతిమంతంగా కనిపిస్తుంది. అక్కడ పాడైంది పట్టీ కాదు, దాని చుట్టూ ఉన్న తెర.

ముందు అలసేది నీలమే

ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల సూక్ష్మ దీపాలు ఉంటాయి. ఈ మూడింటిలో నీలం త్వరగా క్షీణిస్తుంది. నీలి కాంతి కణానికి ఎరుపు కాంతి కణంకంటే సుమారు మూడోవంతు ఎక్కువ శక్తి ఉంటుంది. అంతటి శక్తిని నిరంతరం పుట్టించే క్రమంలో రసాయన బంధాలు తెగిపోయే అవకాశం ఎక్కువ. ఈ బలహీనతను దృష్టిలో ఉంచుకునే తయారీదారులు చాలా తెరల్లో నీలి దీపాన్ని ఆకుపచ్చ దీపంకంటే పెద్దదిగా అమరుస్తున్నారు. వైశాల్యం పెరిగితే ఒక్కోచోట పడే విద్యుత్ భారం తగ్గుతుంది. అయినా అరుగుదల ఆగదు. నెమ్మదిస్తుందంతే. నీడ పడిన చోటు పసుపు లేదా గులాబీ ఛాయతో కనిపించడానికి కారణం కూడా ఇదే. అక్కడ నీలం తగ్గి, మిగిలిన రెండు రంగులు పైచేయి సాధిస్తాయి.

అరుగుదలను పెంచే అంశాలు మూడు. మొదటిది సమయం. రెండోది వెలుగు తీవ్రత. మూడోది వేడి. వీటిలో వెలుగు తీవ్రతది ప్రత్యేక పాత్ర. తీవ్రతను సగానికి తగ్గిస్తే చుక్క ఆయువు కేవలం రెట్టింపు కాదు, అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. తీవ్రత పెంచినప్పుడు నష్టం కూడా అదే పద్ధతిలో పెరుగుతుంది.

పాత జబ్బే.. కొత్త ఒంట్లో

ఇది సెల్‌ఫోన్లతో పుట్టిన సమస్య కాదు. గాజు బుడ్డీ కంప్యూటర్ మానిటర్లు, పెద్ద డబ్బా టీవీల కాలంలోనూ ఉంది. వాటి లోపలి గోడకు పూసిన ఫాస్ఫర్ పూత ఒకేచోట ఎక్కువసేపు వెలిగితే క్షీణించేది. ఆ తరువాత వచ్చిన ప్లాస్మా టీవీల్లోనూ చానల్ గుర్తు ఒక మూల నిలిచిపోయేది. కంప్యూటర్లలో ‘స్క్రీన్ సేవర్’ పుట్టింది ఇందుకే. ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ల కోసం జాన్ సోచా రాసిన అలాంటి ప్రోగ్రాం ఒకటి 1983 డిసెంబరులో ‘సాఫ్ట్‌టాక్’ పత్రికలో వెలువడింది. కొద్ది నిమిషాలు మీటలు నొక్కకపోతే తెరను నల్లగా మార్చడమే దాని పని. తరువాతి కాలంలో ఈదే చేపలు, ఎగిరే బొమ్మలు వచ్చి చేరడంతో అదేదో అలంకారమని అందరూ అనుకున్నారు. పేరులోనే ఉన్న ‘తెర రక్షణ’ మరుగున పడింది.

ఎల్‌సీడీ తెరలు రావడంతో ఆ భయం తగ్గింది. ఇంతలో కొడాక్ సంస్థలో పనిచేసిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో ఓఎల్‌ఈడీపై ప్రచురించిన పరిశోధన పత్రం కొత్త తరం తెరలకు బాట వేసింది. 2010లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్‌తో ఈ తెరలు విస్తృతంగా జనం చేతుల్లోకి వచ్చాయి. 2017లో ఆపిల్ సంస్థ ఐఫోన్ టెన్‌తో ఇదే దారి పట్టింది. ఇప్పుడు పదిహేను, ఇరవై వేల రూపాయల ఫోన్లలోనూ ఓఎల్‌ఈడీ తెరలు లభిస్తున్నాయి. ఒకప్పుడు ఖరీదైన ఫోన్లకే పరిమితమైన సమస్య ఇప్పుడు సామాన్యుడి జేబులోకి చేరింది.

ఎవరికి ముప్పు ఎక్కువ?

రోజుకు మూడు, నాలుగు గంటలు అవీ ఇవీ చూసేవారి ఫోన్లలో కొన్నేళ్లపాటు ఈ సమస్య కంటికి కనిపించకపోవచ్చు. తెరపై బొమ్మలు మారుతూ ఉండటమే ఇందుకు కారణం. ముప్పంతా ఒకే దృశ్యాన్ని గంటల తరబడి నిలిపి ఉంచేవారికే.

ఆటో, క్యాబ్ డ్రైవర్లు, ఇంటింటికీ సరకులు, భోజనం చేర్చే యువకులు ఈ వరుసలో ముందుంటారు. ద్విచక్రవాహనం హ్యాండిల్‌కు బిగించిన ఫోన్‌లో రోజుకు 10 గంటలపాటు మ్యాప్ వెలుగుతూ ఉందనుకుందాం. నెలకు 25 రోజుల చొప్పున లెక్కిస్తే ఏడాదికి 3,000 గంటలు. దారి కోసం రోజుకు పది నిమిషాలు మ్యాప్ చూసే వ్యక్తికి ఇది ఏడాదికి సుమారు 60 గంటలే. అంటే ఇద్దరి మధ్య తేడా 50 రెట్లు. పైగా ఎండలో కనిపించాలంటే వెలుగు చివరిదాకా పెంచాల్సిందే. వేసవిలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే మధ్యాహ్నం వేళ ఆ ఫోన్ పరిస్థితి ఊహించుకోవచ్చు. సమయం, వెలుగు, వేడి మూడూ ఒకేసారి దాడి చేస్తాయి. ఫోనే జీవనాధారమైన వారికి తెర మార్పిడి అంటే కొన్ని రోజుల సంపాదన పోయినట్లే. మరమ్మతుకు ఇచ్చిన రోజు పని కూడా ఉండదు.

దుకాణంలో చెల్లింపుల యాప్‌ను రోజంతా తెరచి ఉంచే వ్యాపారులు, సీసీ కెమెరా దృశ్యాలను ఫోన్‌లోనే నిరంతరం చూసేవారు, ఒకే ఆటను గంటల కొద్దీ ఆడే పిల్లలు, స్టాండుకు తగిలించి రోజంతా వార్తా చానల్ పెట్టుకునేవారు కూడా జాగ్రత్త పడాలి. చానల్ గుర్తు, అడుగున పరుగెత్తే అక్షరాల వెనుక నిలిచి ఉండే పట్టీ తెరపై ముద్ర వేస్తాయి.

ఇలా పరీక్షించుకోండి

నీడ కనిపించగానే కంగారు పడనక్కరలేదు. కింది పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు.

* ముందుగా ‘స్క్రీన్‌షాట్’ తీసి ఆ చిత్రాన్ని మరొకరి ఫోన్‌కు పంపండి. అందులోనూ నీడ ఉంటే అది యాప్ లేదా సాఫ్ట్‌వేర్ లోపం. అక్కడ కనిపించకపోతే లోపం తెరలోనే ఉంది.

* గది చీకటిగా ఉన్నప్పుడు తెర వెలుగు తగ్గించి, పూర్తి బూడిదరంగు చిత్రాన్ని తెరపై నింపండి. తెలుపుకంటే బూడిదరంగుపైనే నీడలు స్పష్టంగా బయటపడతాయి. తరువాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిత్రాలను వరుసగా చూడండి. నీలంలోనే నీడ ఎక్కువగా కనిపిస్తే అది అరుగుదల లక్షణం.

* శామ్‌సంగ్ ఫోన్లలో చాలావాటిలో డయల్ చేసేచోట *#0*# అని నొక్కితే తెర పరీక్షకు అవసరమైన రంగులు వస్తాయి. మిగిలిన ఫోన్లలో ఆ రంగుల చిత్రాలను దించుకుంటే సరిపోతుంది.

* చివరగా ఫోన్‌ను ఆపివేసి కొన్ని గంటలు పక్కన పెట్టండి. తిరిగి ఆన్ చేసినప్పుడు నీడ మాయమైతే అది తాత్కాలికమే. మరునాటికీ అదే చోట, అదే రూపంలో ఉంటే అది శాశ్వత బర్న్‌ఇన్‌.

తాత్కాలిక నీడ ప్రధానంగా ఎల్‌సీడీ తెరల్లో వస్తుంది. ఒకే చిత్రం ఎక్కువసేపు నిలిస్తే ద్రవస్ఫటికాల వద్ద విద్యుదావేశం పేరుకుని, చిత్రం మారినా పాత రూపం కొంతసేపు కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీలోనూ కొద్ది నిమిషాలపాటు ఇలాంటి నీడ నిలవడం కద్దు. వీటికి విశ్రాంతే వైద్యం.

తెరపై నిలువునా ఆకుపచ్చ లేదా గులాబీ గీత పడితే అది బర్న్‌ఇన్‌ కాదు. తెరలోని విద్యుత్ మార్గాలు, వాటి అనుసంధానంలో వచ్చే లోపం అది. ఎల్‌సీడీలో ఒకచోట తెల్లని మచ్చ కనిపిస్తే ఒత్తిడి వల్ల వెనుకపొర దెబ్బతిని ఉండవచ్చు. సిరా ఒలికినట్లు నల్లగా వ్యాపిస్తే తెర లోపల పగిలినట్లు. సర్వీసు కేంద్రంలో ఈ తేడా చెప్పగలిగితే వాదనకు బలం చేకూరుతుంది.

చిట్కాలతో చేటు

‘బర్న్‌ఇన్‌ మాయం చేస్తాం’ అంటూ ఊరించే యాప్‌లు, వీడియోలు కోకొల్లలు. ఇవి తెరపై రకరకాల రంగులను వేగంగా మారుస్తూ గంటల తరబడి వెలిగిస్తాయి. తాత్కాలిక నీడకు ఇవి పనికిరావచ్చు. అది ఊరికే ఉంచినా పోయేదే. శాశ్వత నీడ విషయంలో మాత్రం క్షీణించిన రసాయనాన్ని తిరిగి పుట్టించే శక్తి ఏ యాప్‌కూ లేదు. మహా అయితే బాగున్న చుక్కలను కూడా అరగదీసి తేడాను కొంత కప్పిపుచ్చుతాయి. మెట్టు నడుమ గుంట పడిందని అంచులనూ చెక్కేయడం వంటిదిది. నీడ కాస్త తగ్గినట్లు అనిపించినా తెర ఆయువు మొత్తంగా తరిగిపోతుంది. వేగంగా మెరిసే రంగులను మూర్ఛవ్యాధి ఉన్నవారు, చిన్నపిల్లలు చూడటం ప్రమాదకరం కూడా.

ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం, వేడి గాలి కొట్టడం, టూత్‌పేస్టుతో రుద్దడం వంటివి అసలే చేయకూడదు. చలికి లోపల తేమ చేరుతుంది. వేడికి జిగురు వదలడంతోపాటు బ్యాటరీ దెబ్బతింటుంది. టూత్‌పేస్టు గాజుపై ఉన్న రక్షణపూతను గీకేస్తుంది. సమస్య ఉన్నది గాజు కింద. పైన ఏం రాసినా అక్కడికి చేరదు. ‘ఫ్యాక్టరీ రీసెట్’ వల్ల ఫొటోలు, నంబర్లు పోతాయే తప్ప నీడ పోదు.

నీడ లేతగా ఉంటే దానితో సర్దుకుపోవడం కూడా ఒక మార్గమే. తెర రంగులను ముదురుగా మార్చి, వెలుగు తగ్గించుకుంటే అది అంతగా కనిపించదు. పనికి అడ్డురానంతవరకు తొందరపడి వేలు ఖర్చు చేయాల్సిన పనిలేదు.

తెర మార్చక తప్పకపోతే..

శాశ్వత నీడకు తెర మార్పిడే ఏకైక మరమ్మతు. దీనికి ముందు ఓ లెక్క వేసుకోవాలి. తెర ధర, పనికూలి కలిపి ఎంతవుతుందో రాతపూర్వకంగా అడగాలి. అదే ఫోన్ పాతదిగా అమ్మితే ఎంత వస్తుందో వాకబు చేయాలి. ఖర్చు ఆ ధరలో సగం దాటితే ఆలోచించాల్సిందే. ఫోన్‌కు ఇంకా ఎన్నాళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందుతాయో కూడా చూసుకోవాలి.

బయటి దుకాణాల్లో ‘ఒరిజినల్’ అన్న మాటకు అనేక అర్థాలున్నాయి. కంపెనీ తెర ఒకటి. మరో తయారీదారు చేసిన ఓఎల్‌ఈడీ తెర ఒకటి. ఓఎల్‌ఈడీ స్థానంలో అమర్చే చవకైన ఎల్‌సీడీ తెర ఇంకొకటి. మూడోది అమరిస్తే రంగుల నిండుదనం తగ్గుతుంది. తెర లోపల వేలిముద్ర గుర్తించే కాంతి పరికరం ఉన్న ఫోన్లలో ఆ సౌకర్యం పనిచేయదు. అందువల్ల ఏ రకం తెర వేస్తున్నారో బిల్లుపై రాయించుకోవాలి. ఎన్ని నెలల హామీ ఉందో కూడా అందులోనే ఉండాలి.

నీరు చేరని ఫోన్లను ఒకసారి విప్పితే అంచుల బందు తొలగిపోతుంది. తిరిగి కొత్త జిగురుతో బిగించారో లేదో అడగాలి. బిగించినా మునుపటి రక్షణ ఉంటుందన్న భరోసా పెట్టుకోకూడదు. ఫోన్ ఇచ్చేముందు ఫొటోలు, నంబర్లు మరోచోట భద్రపరచుకోవాలి. సిమ్, మెమరీ కార్డు తీసేయాలి. బ్యాంకు, చెల్లింపుల యాప్‌ల నుంచి బయటకు రావాలి. తెర మార్పిడికి ఫోన్ రహస్య సంఖ్య చెప్పాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. పరీక్ష ఏదైనా ఉంటే మన ఎదుటే చేయమనాలి.

హక్కులు తెలుసుకోండి

ఫోన్‌కు సాధారణంగా ఏడాది వారంటీ ఉంటుంది. బర్న్‌ఇన్‌ను ‘వాడకం వల్ల వచ్చే సహజ అరుగుదల’గా పేర్కొంటూ ఉచిత మరమ్మతుకు నిరాకరించే సందర్భాలు ఉన్నాయి. అలాగని వెంటనే వెనుదిరగనక్కరలేదు. కొన్న కొద్దినెలలకే, మామూలు వాడకంలోనే నీడ పడితే అది తయారీ లోపమని వాదించవచ్చు. అందుకు కొనుగోలు బిల్లు, నీడ కనిపించేలా తీసిన తేదీలున్న ఫొటోలు, సర్వీసు కేంద్రం ఇచ్చిన జాబ్‌షీటు కీలకం. ఏ కారణంతో నిరాకరించారో రాతపూర్వకంగా తీసుకోవాలి.

న్యాయం జరగలేదనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫోన్ చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన ఈ చట్టం కింద వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలుంది. కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా అక్కడికి పరుగెత్తాల్సిన పనిలేదు. వివాదానికి కారణం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు దాఖలు చేయవచ్చు.

వినియోగదారుల ఒత్తిడి ఫలించిన ఉదాహరణ ఒకటుంది. 2017 అక్టోబరులో మార్కెట్లోకి వచ్చిన గూగుల్ పిక్సెల్ 2 ఎక్స్ఎల్ ఫోన్లలో కొద్దిరోజులకే అడుగుపట్టీ నీడ కనిపిస్తోందని సమీక్షకులు, కొనుగోలుదారులు గగ్గోలు పెట్టారు. తెర క్షీణత ఇతర ఖరీదైన ఫోన్ల స్థాయిలోనే ఉందని గూగుల్ వాదించింది. అయినా వారంటీని రెండేళ్లకు పెంచింది. కాసేపు వాడకపోతే అడుగునున్న గుర్తులు మసకబారేలా, తెర గరిష్ఠ వెలుగు కొద్దిగా తగ్గేలా సాఫ్ట్‌వేర్‌ను మార్చింది. సమస్య తలెత్తాక కంపెనీ సైతం ఎంచుకున్నది నివారణ మార్గమేనన్నది ఇక్కడ గమనార్హం.

పాత ఫోన్ కొంటున్నారా?

హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ మొదలు జిల్లా కేంద్రాల్లోని చిన్న దుకాణాల వరకు పాత ఫోన్ల వ్యాపారం జోరుగా సాగుతోంది. నీడ పడిన తెరను దాచడం అమ్మేవారికి తేలిక. రంగురంగుల చిత్రాన్ని నింపి, వెలుగు చివరిదాకా పెంచి చూపిస్తే లోపం కంటికి ఆనదు. అందుకే కొనేవారు వెలుగు తగ్గించి, బూడిదరంగు చిత్రం పెట్టి చూడాలి. అక్షరాల మీటలు వచ్చే అడుగుభాగాన్ని, గుర్తులుండే పైఅంచును నిశితంగా పరిశీలించాలి. ఎండలో కాకుండా నీడపట్టున చూడటం మేలు.

దుకాణంలో ప్రదర్శనకు ఉంచిన ఫోన్‌ను తగ్గింపు ధరకు ఇస్తామన్నా ఇదే పరీక్ష చేయాలి. అలాంటి ఫోన్లలో ఒకే ప్రకటన నెలల తరబడి పూర్తి వెలుగుతో నడిచి ఉంటుంది. ఐఫోన్ 11, ఆ తరువాత వచ్చిన ఐఫోన్లలో తెర మార్చి ఉంటే, అది అసలుదో కాదో సెట్టింగ్స్‌లోని ‘అబౌట్’ విభాగంలో తెలుసుకోవచ్చు.

నివారణ ఇలా..

* వెలుగును పరిసరాలకు తగ్గట్లు దానంతటదే మారేలా ‘ఆటో బ్రైట్‌నెస్’ ఉంచండి. ఇంట్లో ఉన్నప్పుడు సగానికి మించి అవసరం ఉండదు.

* వాడనప్పుడు తెర 30 సెకన్లలో ఆరిపోయేలా అమర్చుకోండి. ‘ఎప్పుడూ మేల్కొని ఉండు’ అన్న సదుపాయాన్ని ఆన్ చేసి ఉంటే ఆపేయండి.

* ‘డార్క్ థీమ్’ వాడండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13తో 2019 నుంచి ఇది ఫోన్ మొత్తానికి వర్తించేలా అందుబాటులో ఉంది. నల్లని చోట చుక్కలు ఆరి ఉంటాయి కనుక అరుగుదల ఉండదు. బ్యాటరీ కూడా కలిసొస్తుంది.

* అక్షరాల మీటలకు కూడా ముదురు రంగు ఎంచుకోండి. తెలుగులో టైపు చేసేవారు ఎక్కువసేపు చూసేది ఆ భాగాన్నే.

* అడుగున మూడు గుర్తుల పట్టీ బదులు వేలితో జరిపే ‘జెశ్చర్’ పద్ధతికి మారండి. ఎప్పుడూ నిలిచి ఉండే గుర్తులు తగ్గుతాయి.

* తెర ఆరినా గడియారం కనిపించే సదుపాయాన్ని అవసరమైన వేళలకే పరిమితం చేయండి. చాలా ఫోన్లలో ఆ గడియారం కొద్దికొద్దిగా చోటు మారుతూ ఉంటుంది. అది లోపం కాదు, తెర రక్షణకు చేసిన ఏర్పాటు.

* ముఖ్య తెరపై చిత్రాన్ని అప్పుడప్పుడు మార్చండి. తెల్లని, నీలి నేపథ్యాలకంటే ముదురు రంగులవి మంచివి.

* డ్రైవర్లు మ్యాప్‌ను రాత్రి రంగుల్లో ఉంచి, దారి సూచనలను మాటల్లో వినడం అలవాటు చేసుకోవాలి. తిన్నగా సాగే రోడ్డుపై తెర ఆర్పేసినా ఇబ్బంది ఉండదు. వీలైతే వాహనానికి పాత ఎల్‌సీడీ ఫోన్ ఒకటి కేటాయించడం ఉత్తమం.

* సీసీ కెమెరాలు చూడటానికి, దుకాణంలో రోజంతా వెలిగించి ఉంచడానికి కూడా ఎల్‌సీడీ ఫోన్ లేదా ట్యాబ్ వాడటమే మేలు.

* ఎండలో నిలిపిన కారు అద్దం ముందు, దిండు కింద చార్జింగ్‌లో ఫోన్ ఉంచకండి. వేడి తెరకూ, బ్యాటరీకీ శత్రువే.

కొత్త ఫోన్ కొనేటప్పుడు తెర రకాన్ని కూడా అడగాలి. రోజంతా మ్యాప్ లేదా ఒకే యాప్‌తో పని ఉన్నవారికి చవకైన ఎల్‌సీడీయే లాభసాటి. సినిమాలు, ఫొటోలు చూసేవారికి ఓఎల్‌ఈడీ కంటికి ఇంపుగా ఉంటుంది.

పరిజ్ఞానమూ మెరుగుపడుతోంది. 2017లో వచ్చిన గెలాక్సీ ఎస్8లో హోమ్ గుర్తు కంటికి తెలియనంత స్వల్పంగా చోటు మారేలా ఏర్పాటు చేశారు. 2024లో ఆపిల్ ఐప్యాడ్ ప్రోలో రెండు ఓఎల్‌ఈడీ పొరలను ఒకదానిపై ఒకటి పేర్చిన తెరను అమర్చింది. భారం రెండు పొరలూ పంచుకోవడంతో ఒక్కోదానిపై ఒత్తిడి తగ్గుతుంది. అయితే ఏ పరిజ్ఞానమూ అరుగుదలను పూర్తిగా ఆపలేదు. వాయిదా మాత్రమే వేయగలదు.

పైన చెప్పిన సూచనల్లో చాలావరకు సెట్టింగ్స్‌లో ఐదు నిమిషాల్లో పూర్తయ్యేవే. పైసా ఖర్చు లేదు. నీడ పడ్డాక తెరకు వేలు పోయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది. ఫోన్ చేతిలో ఉండగానే ఆ ఐదు నిమిషాలు కేటాయిస్తే కొత్త తెర ఖర్చు చాలాకాలం దరిచేరదు.